జీవరత్నం గారి ప్రామాణిక నాదం

ప్రభుత్వం వారికి ఆ ఏడాది శబ్దాల మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందు ఏడాది సీతాకోకచిలుకల మీద పుట్టింది. వాటి బోర్డులు ఇంకా రోడ్ల పక్కన ఉన్నాయి. చిలుకలు లేవు.

శబ్దాలు అంతరించిపోతున్నాయని ఒక పెద్ద అధికారి విదేశంలో విని వచ్చాడు. ఆయన వచ్చిన ఆరు నెలలకల్లా బెజవాడ శివార్లలో రాష్ట్ర ధ్వని వారసత్వ పరిరక్షణ సంస్థ వెలిసింది. మూడంతస్తుల భవనం, నీలం రంగు గేటు, గేటు దగ్గర "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు. మొదటి పనిగా అంతరించిన ధ్వనుల జాబితా తయారుచేశారు. గోళీసోడా కొట్టిన చప్పుడు, ఆఫీసు టైపు మిషను, ట్రంకుకాల్లో కేక, సినిమాహాల్లో రీలు తెగినప్పుడు నేల క్లాసు వేసే ఈల. పద్నాలుగో అంశంగా, ఫిలిప్ జీవరత్నం గారి రాక్ గిటారు నాదం.

చిక్కు ఒక్కటే. ఫిలిప్ జీవరత్నం అంతరించలేదు. రైలు వంతెన అవతల రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. డెబ్బై మూడేళ్లు. లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. భార్య కరుణమ్మ పోయి నాలుగేళ్లయింది. అన్నం పొద్దున ఒకసారి వండుకుని రెండు పూటలా అదే తింటాడు. బాగోగులు అడగడానికి వచ్చేవాళ్లు మొదటి ఏడాది ఉండేవాళ్లు. ఆయన సమాధానాలు విని రావడం మానేశారు.

యాభై ఏళ్ల కిందట సంగతి వేరు. శనివారం సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఫిలిప్ ఇంగ్లీషు రాక్ పాటలు వాయిస్తున్నాడంటే గుంటూరు నుంచి, ఏలూరు నుంచి కుర్రకారు రైలెక్కి వచ్చేది. ఆ గిటారులోంచి వచ్చే శబ్దం మరెవరి దగ్గరా లేదు. గీరుకుపోయినట్టు, గొంతు పూడుకుపోయిన మనిషి అరిచినట్టు ఉండేది. మద్రాసు నుంచి వచ్చిన వాయిద్యకారులు గిటారు తగిలించిన పెట్టె చుట్టూ తిరిగి చూసి, అర్థంకాక వెళ్లిపోయేవాళ్లు. రహస్యమేమిటని అడిగితే ఫిలిప్ కుడిచెయ్యి పైకెత్తి చూపించేవాడు. "చేతిలో ఉంది" అనేవాడు.

చేతిలో ఏమీ లేదు. పెట్టెలో ఉంది. మూతపడ్డ సినిమాహాలు ఆంప్లిఫయరు తెచ్చి, వాల్వులు మార్చి, ఆయనే కట్టుకున్న పెట్టె అది. పెళ్లయిన ఏడాదికి కరుణమ్మకి టైఫాయిడ్ వచ్చింది. మూడు రోజులు జ్వరంతో పడుకుని, ఆ మోత ఆపమని అడిగింది. శనివారం ప్రోగ్రాం ఉందని ఫిలిప్ ఆపలేదు. నాలుగోనాడు మధ్యాహ్నం ఆవిడ గోడ పట్టుకుని లేచి వచ్చి, జాకెట్లు కుట్టే కత్తెర తీసి స్పీకరు అట్టలో పొడిచింది. జానెడు చిరుగు. కొత్త స్పీకరు కొనే స్తోమత లేక ఫిలిప్ అదే పెట్టెతో ప్రోగ్రాంకి వెళ్లాడు. మొదటి తీగ మీటగానే హాలు లేచి నిలబడింది.

ఇంటికొచ్చి చెబితే కరుణమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"పొడిచింది నేను, పేరు మీకు" అంది. ఆ తర్వాత నలభై ఏడేళ్ల కాపురంలో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఫిలిప్ కూడా ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఆవిడ చీరలు చుట్టాలు పట్టుకుపోయారు. కుట్టుమిషను చర్చికిచ్చాడు. మిగిలింది ఆ చిరుగు.

సంస్థ డైరెక్టరు ముక్తేవి శేషశయనం గారు స్వయంగా ఇంటికి వచ్చారు. కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు.

"మీ నాదాన్ని శాశ్వతీకరించాలని ప్రభుత్వం సంకల్పించింది జీవరత్నం గారూ."

"నేనింకా ఉన్నానుగా."

"అదే మా ఆందోళన."

ఆయన వెంట లోహిత్ అనే ఇంజినీరు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, మెడలో హెడ్‌ఫోను. చేయబోయే పని అతనే వివరించాడు. పెట్టెలోకి రకరకాల శబ్దాలు పంపుతారు. బయటికి వచ్చేదాన్ని మైకుతో పట్టుకుంటారు. లోపలికి వెళ్లినదానికీ బయటికి వచ్చినదానికీ తేడా ఏమిటో కంప్యూటరు నేర్చుకుంటుంది. ఆ తేడాని అరచేతిలో పట్టే, కాలితో నొక్కే పెడల్ డబ్బాలో నింపుతారు. ఆ పైన పెట్టె అక్కర్లేదు. ఎవరు ఏ గిటారు తెచ్చి ఆ పెడల్‌కి తగిలించినా జీవరత్నం గారే.

"నేనూ అక్కర్లేదన్నమాట" అన్నాడు ఫిలిప్.

"టెక్నికల్‌గా అక్కర్లేదు సార్" అన్నాడు లోహిత్ మర్యాదగా.

ఫిలిప్‌కి ఇవ్వబుద్ధి కాలేదు. కానీ తను పోయాక ఆ చిరుగు ఏ పాతసామాన్లవాడి బండి ఎక్కుతుందోనన్న భయం ఆయనకి ఏడాదిగా ఉంది. పెడల్లో ఉంటే ఉంటుంది కదా అనుకున్నాడు.

"పదిహేను రోజులు. పెట్టె తెరవకూడదు. లోపలి చిరుగు ముట్టుకోకూడదు."

"కళాకారుని షరతు నమోదు చేసుకోవడమైనది" అన్నారు శేషశయనం గారు. నిజంగానే నమోదు చేసుకున్నారు. ఆ కాయితం ఫైల్లో ఇప్పటికీ ఉంది.

పదిహేను రోజులు రెండు నెలలయ్యాయి. ఆవిష్కరణ సభకు రమ్మని కార్డు వచ్చింది. కార్డు మీద ఫిలిప్ పేరు మంత్రిగారి పేరుకి కింద, కేటరింగువాళ్ల పేరుకి పైన ఉంది.

ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. హాల్లో వేదిక పక్కన అద్దాల బీరువా. అందులో ఒక నీలం పెట్టె. గేటుకి వేసిన నీలమే. ఫిలిప్ చాలాసేపు చూశాడు. మూలకున్న సొట్టని బట్టి ఆనవాలు పట్టాడు. ముందున్న గోనెగుడ్డ పోయి, తళతళలాడే నల్లటి జాలీ వచ్చింది. జాలీ వెనక స్పీకరు గుండ్రంగా, నిండుగా, పుట్టి నాలుగు రోజులైనట్టు ఉంది.

బీరువా తుడుస్తున్న మనిషి స్టోరుకీపరు పైడిరాజు. ఫిలిప్‌ని గుర్తుపట్టి దండం పెట్టాడు.

"పోలికే తెలీకుండా అయిపోయింది కదండీ? నేనేనండి చేయించాను."

"లోపల ఉన్నదేదీ?"

"స్పీకరాండి? మార్చేశామండి. మంత్రిగారు ముందోసారి తనిఖీకి వచ్చారు కదండీ, ఆవరణలో చిరుగు, పగులు, తుప్పు, మరక ఏదీ కనపడకూడదని డైరెక్టరుగారు సర్క్యులర్ వేశారు. బిల్డింగంతా సున్నం కొట్టాం, చెట్లకి ఎర్రమన్ను పూశాం. ఇదొక్కటే మిగిలిపోయింది. ఎలక కొట్టేసినట్టు ఇంత పొడుగు చిరుగండి బాబూ! వదులైన మరలు కూడా బిగించేశాను. దేవుడి దయవల్ల మాట రాలేదు."

"కంప్యూటరువాడు కొలిచింది ఎప్పుడు?"

"రంగు ఆరాకేనండి. తడి మీద మైకు పెట్టనిస్తానా?"

 పాతది ఎక్కడుందని ఫిలిప్ అడిగేలోపు మంత్రిగారి కార్ల హారన్లు వినపడ్డాయి. పైడిరాజు గుడ్డ దాచుకుని పరుగెత్తాడు.

మంత్రిగారు బొత్తాం నొక్కారు. లోహిత్ వేదిక మీద నిలబడి, ఎర్ర పెడల్ కాలితో తొక్కి, గిటారు మీటాడు. జీవరత్నం నాదం హాలంతా పరుచుకుంది. పెళ్లి వీడియోలో వధూవరుల పేర్లు పడేటప్పుడు వచ్చే సంగీతంలా ఉంది. తియ్యగా ఉంది. ఎక్కడా గీరుకోలేదు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో రిటైరైన కలెక్టరొకాయన కళ్లు తుడుచుకుని, "అదే! అదే! అప్పుడు నేను డిగ్రీ సెకండియర్" అన్నాడు.

ఫిలిప్ లేచి వేదిక ఎక్కాడు. సన్మానానికనుకుని అటెండరు శాలువా తెచ్చాడు.

"ఇది నాది కాదు" అన్నాడు ఫిలిప్ మైకులో.

శేషశయనం గారు నవ్వుతూ మైకు అందుకున్నారు. "కళాకారులకి తమ మీద తమకే తృప్తి ఉండదు. అదే వారి గొప్పతనం. అయినా మన దగ్గర శాస్త్రం ఉంది. సందేహ నివృత్తి నిమిత్తం జీవరత్నం గారు స్వయంగా వాయించవలసిందిగా కోరడమైనది. యంత్రం సరిపోలుస్తుంది. యంత్రానికి రాగద్వేషాలు లేవు."

పక్కనున్న మామూలు ఆంప్లిఫయరుకి గిటారు తగిలించి ఇచ్చారు. చిరుగు లేకపోయినా, వేళ్లతో చేయగలిగినంత చేశాడు ఫిలిప్. తీగని ఒరుసుకుని, గోరుతో గీకి వాయించాడు. అయ్యాక తెర మీద పెద్ద అంకె పడింది. జీవరత్నం నాదంతో పోలిక, నూటికి అరవై ఒకటి.

దానికి కూడా చప్పట్లు కొట్టారు. ఆ వయసుకి అరవై ఒకటంటే మాటలు కాదన్నారు మంత్రిగారు.

మెట్లు దిగుతూ ఫిలిప్ లోహిత్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, స్పీకరు మార్చాక కొలిచావు నువ్వు. తెలీదా నీకు?"

"సార్, నాకిచ్చిన పెట్టెని నేను కొలిచాను. చాలా కచ్చితంగా కొలిచాను."

"తప్పుడు పెట్టెని."

"తప్పుని కచ్చితంగా కొలిస్తే అది డేటా అవుతుంది సార్."

"మళ్లీ కొలువు. పాతది పెట్టి."

లోహిత్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మంత్రిగారు ఆవిష్కరించేశారు సార్. ఆవిష్కరించినదాన్ని సరిదిద్దే ప్రొవిజను లేదు. నేను కాంట్రాక్టువాణ్ణి. నా పొట్ట కొట్టకండి."

ఫిలిప్ మూడు దరఖాస్తులు పెట్టాడు. పాత స్పీకరు అట్ట తనకు ఇప్పించమని, అంతకు మించి ఏమీ అక్కర్లేదని. మూడింటికీ కలిపి ఒక జవాబు వచ్చింది. "సదరు పెట్టెలో ఉన్నదే అసలు స్పీకరు అని గౌరవ మంత్రివర్యులు కళ్లారా చూచియున్నారు. కావున తమరు పేర్కొన్న పాత స్పీకరు అనునది ఉండుటకు అవకాశము లేదు."

ఈలోగా ఉత్తర్వు వచ్చింది. ప్రామాణిక నాదం తయారయ్యాక నకిలీలు ఉండకూడదు కదా. జీవరత్నం శైలిలో గిటారు వాయించదలచిన వారెవరైనా సంస్థ పెడల్ వాడాలి. పోలిక తొంభైకి తగ్గకూడదు. ఇరవైకీ తొంభైకీ మధ్య వస్తే అది అనుకరణ, అంటే నేరం. పెళ్లిబాజాల ట్రూపులు, కాలేజీ వార్షికోత్సవాలు, చర్చిలు, అన్నీ దీని కిందికి వస్తాయి. తనిఖీకి జిల్లాకొక ధ్వని అధికారి.

ఫిలిప్ ఆదివారం ఆదివారం చర్చిలో వాయించేవాడు. జీతం లేదు, ఆపమనేవాడు లేడు. ఉత్తర్వు వచ్చిన మూడో ఆదివారం, రెండో కీర్తన మధ్యలో, ఒకావిడ తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చి, చివరి బల్ల మీద కూర్చుని, సంచీలోంచి మీటరు తీసింది. ఆమె ధ్వని అధికారి కొమ్మూరి భ్రమరాంబ. ముందు వ్యవసాయ శాఖలో ఎరువుల బస్తాలు తూచేది. డెప్యుటేషను మీద పంపారు. కీర్తన అయ్యేదాకా ఆగింది.

"ఏ నాదం వాయిస్తున్నారండీ?"

"నాదే."

"మీ పేరు?"

"ఫిలిప్ జీవరత్నం."

ఆవిడ పుస్తకం తిప్పింది. "ఆ పేరు మీద నాదం సంస్థకి ఉందండీ. మీ దగ్గర ధ్రువపత్రం ఉందా?"

"నేను నేనేనని ధ్రువపత్రమా?"

"మీరు మీరే కావచ్చండీ. యాభై ఎనిమిది వచ్చింది మరి." మీటరు ఆయనవైపు తిప్పి చూపించింది. "నన్ను ఏం చెయ్యమంటారు చెప్పండి. పాపం పెద్దవారు. మొదటిసారి కాబట్టి హెచ్చరిక రాస్తున్నాను."

పాస్టరుగారు పాపభీతితో పాటు ప్రభుత్వభీతి కూడా ఉన్నవారు. వచ్చే ఆదివారానికల్లా చర్చికి ఎర్ర పెడల్ వచ్చింది. ఫిలిప్ కుర్చీలో మరొకరు కూర్చున్నారు.

హెచ్చరిక కాయితం కింద చిన్న అక్షరాల్లో ఒక సదుపాయం ఉంది. పోలిక తక్కువ వచ్చినవారు సంస్థలో ఆరువారాల జీవరత్నం నాద శిక్షణలో చేరవచ్చు. ఫిలిప్‌కి శిక్షణ అక్కర్లేదు. కానీ శిక్షణార్థులకి గుర్తింపు కార్డు ఇస్తారు, కార్డు ఉన్నవాణ్ణి గేటు దగ్గర ఆపరు, స్టోరుగది ఆ భవనంలోనే ఉంది. మర్నాడే వెళ్లి చేరాడు. తెలుసుకోగోరు విషయం అన్న గడిలో "ఫిలిప్ జీవరత్నం" అని రాశాడు.

తరగతిలో ఎనిమిదిమంది. ముందు బల్ల మీద సహకార బ్యాంకు గుమాస్తా ఒకాయన, ప్రమోషనుకి పనికొస్తుందని వచ్చాడు. పాఠం లోహిత్‌దే. తెర మీద ఒక పాత ఫోటో వేశాడు. ఇన్‌స్టిట్యూట్ హాలు, వేదిక, పాతికేళ్ల ఫిలిప్, గాల్లో లేచిన కుడిచెయ్యి.

"గమనించండి. ముంజేయి ముప్పై నాలుగు డిగ్రీల వాలు. వేళ్లు కలిసి ఉన్నాయి. జీవరత్నం శైలికి మూలం ఇదే. అందరూ చెయ్యి లేపండి."

ఏడు చేతులు లేచాయి.

"ఆ ఫోటోలో నేను వాయించట్లేదు బాబూ" అన్నాడు ఫిలిప్ వెనక బల్ల నుంచి. "దోమని కొడుతున్నాను."

"సార్, దయచేసి క్లాసు డిస్టర్బ్ చెయ్యకండి."

"కాలవ పక్కన హాలయ్యా అది. పాటకి పది దోమలు."

గుమాస్తా వెనక్కి తిరిగాడు. "మాస్టారూ, రానివాళ్లు నేర్చుకోవాలండీ. ఇట్టా అడ్డం పడితే మాకు ఎక్కదు."

మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టగానే ఫిలిప్ స్టోరుకి వెళ్లాడు. పైడిరాజు కేరేజీ విప్పుకుంటున్నాడు. సంగతి విని కేరేజీ మూత పెట్టేశాడు.

"అయ్యో, అది పారేస్తామాండీ? పారెయ్యాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ ఇంకా వెయ్యలేదు."

ఎక్కువ వెతకలేదు. గాజుముక్కలు, విరిగిన స్టూళ్లు, సున్నం బ్రష్షుల వెనకనుంచి గోనెసంచీలో చుట్టినదాన్ని తీసుకొచ్చాడు. చీటీ కట్టి ఉంది. "చిరిగిన అట్ట గరాటు, ఒకటి." ఫిలిప్ సంచీ విప్పి చిరుగు మీద బొటనవేలు పెట్టి చూశాడు. అంచులు అలాగే ఉన్నాయి. కొన దగ్గర కత్తెర మెలితిప్పిన చోట చిన్న వంపు. అదీ ఉంది.

"ఇచ్చెయ్యి పైడిరాజూ."

"నా ఉద్యోగం పోతుందండీ. డైరెక్టరుగార్ని అడగండి. ఆయన సంతకం పెడితే నేను మోసుకొచ్చి మీ ఇంట్లో పెడతాను."

శేషశయనం గారు మంచినీళ్లు ఇప్పించారు. ఓపికగా విన్నారు. నియమావళి తెరిచారు.

"అది మీ నాదం తాలూకు అసలు స్పీకరు అంటారు మీరు."

"అవును."

"అసలుదైతే అది వారసత్వ సంపద. బయటికి పోరాదు. ప్రదర్శనలో ఉంచాలి. ప్రదర్శనలో ఉంచే వస్తువుకి చిరుగు ఉండరాదు. కనుక అతికిస్తాం."

"అతికిస్తారా?"

"నాణ్యమైన జిగురుతో. నిపుణుల పర్యవేక్షణలో."

ఫిలిప్ గ్లాసు కింద పెట్టాడు. "అసలుది కాకపోతే?"

"చెత్త. చెత్తని ఏ పౌరుడైనా అర్జీ పెట్టి పట్టుకుపోవచ్చు. అయితే ఆ పౌరుడికి సదరు నాదంతో ఎట్టి సంబంధమూ ఉండరాదు. ఉంటే అది చెత్త కాదని అర్థం వస్తుంది కదా. మళ్లీ మొదటికి వస్తాం." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గొంతులో కొత్త తీపి వచ్చింది. "మీరు ఆ మేరకు రాసిస్తే నాకూ సుఖం జీవరత్నం గారూ. సంస్థ నాదమే నిజమైనదని, మీరు వాయించేది కాదని. పత్రికలవాళ్లు ఏవో గొణుగుతున్నారు. వాళ్ల ముందు ఒక్క మాట చెబితే చాలు. పురస్కారానికి ఫైలు ఢిల్లీ వెళ్లింది, మధ్యలో ఈ రగడ దేనికి?"

"పేరు నాదేగా?"

"పేరు మీదే. కానీ ఆ పేరు గల నాదం మీది కాదు. మీరు ఇకమీదట ఆ పేరు గల మామూలు మనిషి."

ఫిలిప్ కిటికీలోంచి నీలం గేటు వైపు చూశాడు. యాభై ఏళ్లుగా మోస్తున్న పేరు. ఎంత కష్టపడి సంపాదించాడో లెక్క వేసుకోబోయాడు. టైఫాయిడ్ నాటి ఆ మధ్యాహ్నం తను చేసిన పని మంచం మీద మనిషి ఉండగా గిటారు వాయించడం ఒక్కటే. మిగతాది ఆవిడ చేసింది.

"కాయితం ఇవ్వండి" అన్నాడు.

విలేకరులు ఆరుగురు వచ్చారు. టిఫిన్లయ్యాక ఫిలిప్ చదివాడు. "నేను, ఫిలిప్ జీవరత్నం అను పేరు గల వ్యక్తిని, జీవరత్నం నాదమునకు కర్తను గానని, సంస్థ వారి నాదమే యథార్థమైనదని, నా చేతి శబ్దము దానికి లోపభూయిష్టమైన అనుకరణ అని, ఎవరి ఒత్తిడి లేకుండా ఒప్పుకొనుచున్నాను."

"అయితే అన్నేళ్లు ఆ హాల్లో మీరు వాయించిందేంటండీ?" అని అడిగాడు ఒక విలేకరి.

"నాకేం తెలుసు? సంస్థ వారినడగండి."

అందరూ నవ్వారు. శేషశయనం గారు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. ఆరువారాలు నిండాక శిక్షణ పరీక్ష ఫలితాలు వచ్చాయి. బ్యాంకు గుమాస్తాకి తొంభై ఎనిమిది. అంతకు ముందు గిటారు ముట్టుకున్న మనిషి కాదు గనక చెడు అలవాట్లు లేవని మెచ్చుకుని పతకం ఇచ్చారు. ఫిలిప్‌కి నలభై తొమ్మిది, తరగతిలో ఆఖరు. పురస్కారం కూడా వచ్చింది, సంస్థకి.

చెత్త బయటికి వచ్చింది. పైడిరాజు మాట తప్పలేదు, స్కూటరు మీద ఒళ్లో పెట్టుకుని తెచ్చిచ్చాడు. నీలం పెట్టె అద్దాల బీరువాలోనే ఉండిపోయింది. ఫిలిప్ మంచం పలకలు రెండు కోసి వేరే పెట్టె కట్టాడు. పాత వాల్వులు నాలుగు ఇంట్లో ఉన్నాయి. పది రోజులు పట్టింది. పదకొండో రోజు సాయంత్రం నాలుగింటికి స్విచ్చి వేసి, తీగ మీటాడు.

గోడకున్న క్యాలెండరు ఊగింది. గీరుకుపోయినట్టు, గొంతు పూడుకుపోయిన మనిషి అరిచినట్టు వచ్చింది శబ్దం. ఆయన రెండోసారి మీటలేదు. మొదటిది పూర్తిగా ఆగేదాకా కూర్చున్నాడు. అప్పుడు మళ్లీ మీటాడు.

మూడో రోజుకి భ్రమరాంబ వచ్చింది. ఎవరో ఫోను చేశారట. గుమ్మం బయట చెప్పులు విప్పింది.

"ఒకసారి హెచ్చరించాను కదండీ" అంటూ మీటరు పెట్టింది. "కానివ్వండి."

ఫిలిప్ వాయించాడు. ఆవిడ అంకె చూసి, మీటరుని అరచేత్తో తట్టి, మళ్లీ చూసింది.

"పదకొండు."

"అయితే?"

"ఇరవై లోపు వస్తే అనుకరణ కిందికి రాదండీ. అసలు జీవరత్నంతో సంబంధమే లేదని లెక్క. బతికిపోయారు." కూర్చోమనకపోయినా స్టూలు లాక్కుని కూర్చుంది. ఫారం తీసింది. "కానీ వచ్చాను కాబట్టి ఏదో ఒకటి రాయాలి. సంగీతమని రాస్తే రిజిస్ట్రేషను కావాలి. కాదంటే గృహ శబ్దం. మిక్సీ, కుక్కరు, కుట్టుమిషను, అలాంటివి. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. ఏమని రాయమంటారు?"

"గృహ శబ్దమే."

"ఎక్కడి నుంచి పుట్టిందో రాయాలండీ."

ఫిలిప్ గిటారు పక్కన పెట్టాడు. యాభై ఏళ్లుగా అడిగినవాళ్లందరికీ కుడిచెయ్యి చూపించినవాడు ఈసారి పెట్టె ముందుగుడ్డ ఎత్తి లోపలికి వేలు చూపించాడు.

"మా ఆవిడ కత్తెరతో పొడిచింది. అక్కడి నుంచి."

భ్రమరాంబ వంగి చూసింది. "ఇంత పొడుగే! ఎందుకండీ?"

"టైఫాయిడ్. తలపోటుగా ఉంది, ఆపమంది. నేను ఆపలేదు."

"మగాళ్లు" అంది భ్రమరాంబ. అది ఫారంలో రాయలేదు. "ఆవిడ ఉన్నారా?"

"పోయి నాలుగేళ్లు."

ఆవిడ రెండు గళ్లు నింపింది. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది. "శబ్దం చేసేవారి హోదా. వాయిద్యకారుడని రాయడానికి లేదు, మీరు రాసిచ్చేశారు కదా, పేపర్లో చూశాను. ఏమని వెయ్యను?"

"భర్త అని వెయ్యండి."

వేసింది. పేజీ తిప్పింది. "ఆపమని ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"చేసింది. చెప్పాగా."

"అదేనా? ఏ సంవత్సరం?"

"డెబ్బై నాలుగు."

"చర్య తీసుకున్నారా?"

"లేదు."

ఆవిడ "పెండింగ్" అని రాసింది. రాసి ఆయన మొహం చూసింది. వ్యవసాయ శాఖలో అలాంటి పాత ఫిర్యాదులు చాలా చూసింది. అడిగినవాళ్లు లేకపోతే ఒక్క గీతతో తీసేస్తారు.

"ఫిర్యాదుదారు లేరు కదండీ. కొట్టేసి ముగించెయ్యనా?"

"వద్దమ్మా" అన్నాడు ఫిలిప్. "అలాగే ఉంచండి."